అటెండెంట్ పాసు దొరకు ఓ మనవి

నీ బాంచెన్ పాసు దొరా, కాల్మొక్త!

సూపరింటెండెంటుకు రాయక నీకెందుకు రాస్తున్నవని అడుగుతవేమో. పెద్ద డాక్టరు మాట పేషెంటు ఇంటడో ఇనడో గని, నువ్వు చేతిల లేకుంటే గేటు కాడి సెక్యూరిటాయన ఎవ్వల మాటా ఇనడు. ములుగు కెల్లి, మానుకోట కెల్లి, భూపాలపల్లి కెల్లి వరంగల్ దవాఖానకు వచ్చినోళ్లంతా ముందుగాల మొక్కేది నీకే. చూస్తే అరచేతంత గులాబి అట్టముక్కవు. మీద సగమే పడ్డ రబ్బరు స్టాంపు, నాలుగో తొమ్మిదో తెల్వని వార్డు నంబరు, కింద పెద్దక్షరాలల్ల 'ఒక పేషెంటుకు ఒక అటెండెంటు'. మా దిక్కు ఒక్కలకు పానం బాగలేకుంటే మేనత్త, తోటికోడలు, పక్కింటాయన, తోలుకొచ్చిన ఆర్‌ఎంపీ అందరు ఒక్క ఆటోల దిగుతరాయె. అండ్లకెల్లి ఒక్కలను ఏరేసరికి గేటు కాడనే చిన్న పంచాయితి అయితది.

నిన్ను జేబుల పెట్టుకున్న నిమిషం నుంచి నాకు సర్కారు నౌకరి దొరికినట్టే. జీతమొక్కటే లేదు. స్ట్రెచర్ నూకుడు నాది. రక్తం తీసిన ట్యూబులు పట్టుకొని ల్యాబుకు ఉరుకుడు నాది, రిపోర్టు కోసం మళ్ల లైన్ల నిలబడుడు నాది. స్టాండు దొరకకపోతే గ్లూకోజు బాటిల్ పట్టుకొని నిలబడ్డ స్టాండును నేనే. బాటిల్ అయిపోవచ్చిందని సిస్టరుకు చెప్పుడు, యూరిన్ బ్యాగు ఖాళీ చేసుడు, ఒక పక్కకే పండితే పెయ్యి పుండ్లు పడతదని పేషెంటును మర్లేసుడు, జొన్న జావ తాపుడు, రక్తం కావాలంటే ఊరికి ఫోన్ కొట్టి మనిషిని పిలిపించుడు. రాత్రి మంచం కింద చాప. చెప్పులు తలకింద పెట్టుకోకపోతే తెల్లారి వట్టికాళ్లే. "పద్నాలుగు తాలూకు ఎవలు?" అని పిలుపొస్తే నిద్రల కూడ లేసి ఉరుకుతున్న. మా మంచం నంబరే నా పేరు అయిపోయింది.

పనికి ఏడుస్తలేను దొరా. ఇంత పెద్ద వార్డుకు రాత్రిపూట ఉండేది ఒకలిద్దరు సిస్టర్లు. వాళ్ల కాళ్లు నా కాళ్లకన్న ఎక్కువ నొస్తయి. మావోనికి మేం చేసుకోకపోతే ఎవలు చేస్తరు? నా బాధ ఇంకొకటి.

పొద్దుగాల తొమ్మిది కొడితె వార్డుల ఒక కేక పడతది. "అటెండెంట్లంతా బయటికి! రౌండ్స్!" అప్పటిదాక రాజ్యమేలిన నువ్వు ఆ కేకతోని చెల్లని నోటువైతవు. మమ్ములను గ్రిల్లు అవతలికి నూకి తాళమేస్తరు. ఇగ పెద్ద డాక్టరు వస్తడు, ఆయన ఎనుక పీజీలు, వాళ్లెనుక హౌస్ సర్జన్లు. మంచం కాడ ఆగి షీటు తిరిగేసి అడుగుతడు, "రాత్రి ఎట్లుండె?" అని. రాత్రి ఎట్లుండెనో ఎరుకున్నోళ్లంతా గ్రిల్లు పట్టుకొని చూస్తున్నరు. లోపట ఉన్నదల్లా రాత్రంతా సోయి లేకుండ పడున్న పేషెంటు. ఇంటికి తోలిస్తరేమోనన్న ఆశతోని ఆయన "మంచిగనే ఉన్న సారూ" అంటడు. షీటుల 'మంచిగ' అని ఎక్కుతది.

మా పక్క మంచం కాడ ఏటూరునాగారం దిక్కు అక్క ఉండె. ఆమె పెనిమిటికి జరం. వచ్చిననాడు చేసిన రక్త పరీక్షల ఏం దొర్కలె. షీటుల రాసింది పొద్దుగాల తీసిన టెంపరేచరు, అది మామూలే. జరం మొదలయ్యేది పొద్దుగూకినంక. మూడు దుప్పట్లు కప్పినా ఇనుప మంచం గడగడ వణికేది. ఇంటికాడ జరం మొదలైననాటి నుంచే అక్క ఒక పని చేసింది. వణుకుడు షురూ కాంగనే హైదరాబాద్ల ఉన్న కొడుకుకు మిస్డ్ కాల్ కొట్టేది. "నాయినకు మళ్ల వచ్చింది" అని దానర్థం. డబ్బా ఫోన్ల వరుసగ అన్నీ ఉన్నయి. సాయంత్రం ఆరున్నర, మధ్యల ఒక రోజు ఏం లేదు, మళ్ల ఆరూ నలభై, మళ్ల ఒక రోజు ఖాళీ. కేసుషీటు కన్న ఆ ఫోనే నయం. కని ఆ ఫోను పట్టుకొని అక్క గ్రిల్లు కాడ నిలబడితే "జరుగమ్మా, జరుగు" అన్నరు.

ఆ రాత్రి డ్యూటీల ఒక హౌస్ సర్జన్ పిల్ల ఉండె. చాయ్ తాగనీకి పోతున్నదల్లా ఆగి, "ఏందక్కా ఫోన్ చూపెడుతున్నవు?" అన్నది. కూసొని ఆ మిస్డ్ కాల్స్ అన్నీ కిందికి మీదికి జరిపి చూసింది. "రేపు వణుకుడు మొదలైతె కొడుక్కు కాదు, నాకు చెప్పు" అన్నది. చెప్పినట్టే జరం మీదున్నప్పుడు రక్తం చుక్క తీసింది. మలేరియా అని తేలింది. ఆ మరునాడు రౌండ్స్‌ల పెద్ద డాక్టరు ఆ పిల్లను మెచ్చుకున్నడట. అక్క గ్రిల్లు అవతలనే ఉన్నది, నువ్వు ఆమె కొంగుముడిల ఉన్నవు. నిన్ను ఎవలు మెచ్చుకోలె, ఆమెనూ మెచ్చుకోలె.

నీ చుట్టాలు లోకంల ఎట్ల బతుకుతున్నరో నీకు ఎరుకేనా? స్వీడన్ల యోన్‌షోపింగ్ అనే ఊరి దవాఖానల 2005ల ఒక డయాలసిస్ పేషెంటు "ఈ మిషను నేనే నడుపుకుంట, నేర్పు" అని నర్సును అడిగిండట. ఆమె తిట్టలె, నేర్పింది. ఆయన చూసి ఇంకొకలు, వాళ్లను చూసి మరొకలు. ఆఖరుకు పేషెంట్లను అడిగి అడిగి వాళ్లకు తగ్గట్టు డయాలసిస్ సెంటరే కట్టిండ్రు, తలుపు తెరుచుకునే తాళం కూడ వాళ్ల చేతికిచ్చిండ్రు. ఆ తాళం నీకు వరుసకు అన్నో తమ్ముడో అయితది. వాడు తలుపు తెరుస్తడు, నువ్వు మూస్తవు.

మన దగ్గర తెలివి లేక కాదు. 1950లల్లనే అమృత్‌సర్ మానసిక దవాఖానల డాక్టర్ విద్యాసాగర్ డేరాలు ఏయించి పేషెంట్ల ఇంటోళ్లను లోపలనే ఉంచుకున్నడు. వాళ్లకు చెప్పుకుంట, వాళ్లు చెప్పేది ఇనుకుంట వైద్యం చేసిండు. 2017ల కేంద్ర సర్కారు పానం బాగలేని పసిపిల్లల వార్డులకు తల్లిదండ్రులను రానియ్యాలె, చేతులు కడుగుడు, పాలు పట్టుడు, ఎదకు హత్తుకునుడు నేర్పాలె అని కాయిదం పంపింది. పోలీసోళ్లొక్కలే ఊరిని కాపాడలేరు, జనం కలిసొస్తేనే అయితదని ఎలినార్ ఆస్ట్రమ్ అనే అమెరికా ప్రొఫెసరమ్మ 1970లల్ల నుంచే చెప్పుకుంట వచ్చింది. 2009ల అర్థశాస్త్రం నోబెల్ అందుకున్న మొదటి ఆడమనిషి ఆమె. దవాఖానల ముచ్చట కూడ గంతే. మందు డాక్టరిస్తడు, మింగేది మేము. ఒకలు చేసి ఒకలకు పంచే పనే కాదది.

మావోళ్లందరు సుద్దపూసలని చెప్తలేను. కాన్పు ముచ్చట చూడు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేల మన తెలంగాణల నూటికి 60 మందికి పైన పెద్దాపరేషనే, ప్రైవేటుల అయితె నూటికి 80 దాటింది. అత్తగారు పంతులును అడిగి ముహూర్తం తెస్తది, ప్రైవేటు డాక్టరమ్మ థియేటర్ ఖాళీ చూసుకుంటది, మామ అడ్వాన్సు కడతడు. ఏం కలిసిపోతరో! అందరు కూసొని మాట్లాడుకున్న ఆ ముచ్చట్ల నోరు తెరవనిది ఒక్క కడుపుతోని ఉన్న పిల్లనే. అక్కడ నీ అవసరమే లేదు, ప్రైవేటుల నిన్ను అడిగేటోడు లేడు. బిల్లు కట్టేటోడు ఎప్పుడైనా లోపటికి పోవచ్చు.

ఇగ డిశ్చార్జినాడు చూడాలె నా వైభోగం. వారం రోజులు గ్రిల్లు అవతల నిలబెట్టినోళ్లే ఆనాడు నన్ను రెండు నిమిషాలల్ల డాక్టరును చేస్తరు. "ఇన్సులిన్ పొద్దున ఇంత, రాత్రి ఇంత. కట్టు దినం విడిచి దినం మార్చాలె. ఉప్పు బంద్. జరమొస్తే తీస్కరా. నెక్స్ట్!" చేతిల ఇంగ్లీషు కాయిదం, అండ్ల 1-0-1, 0-0-1 అని ఎలక్ట్రిక్ బిల్లు తీరు అంకెలు. ఆ కాయిదం అర్థమయ్యేటట్టు చెప్పేది ఎవలనుకున్నవు? గేటు బయట మెడికల్ షాపుల పిలగాడు. గోలీల కవరు మీద పెన్నుతోని పొద్దుకు ఒక సూర్యున్ని, రాత్రికి ఒక చంద్రున్ని గీసి, "బువ్వ తిన్నంకనే అవ్వా" అంటడు. వైద్యశాస్త్రం అంతా ఆ కవరు మీదికి దిగి వచ్చినట్టే. ఇంటికాడ ఆర్నెళ్లు చూసేది మేము, నేర్పేది ఆ పిలగాడు.

వరంగల్ పాత సెంట్రల్ జైలు జాగల 24 అంతస్తుల పెద్ద దవాఖానకు 2021ల పునాదిరాయి వేసిండ్రు. లిఫ్టులు, మిషన్లు అన్నీ ఉంటయట. మంచిదే. దవాఖాన అభివృద్ధి సొసైటీ మీటింగుల ఎమ్మెల్యేకు, కలెక్టరుకు కుర్సీలేసినట్టే, మంచం కింద చాప ఏసుకొని వారం పన్నోళ్లల్ల ఒకలకు కూడ ఒక కుర్సీ ఏస్తే, ఆ 24 అంతస్తులల్ల చాప ఏసుకునే జాగ ఏడనో ముందే చెప్తుండె.

నా మనవి చిన్నదే దొరా. నీ ఎనుక పక్క రూల్స్ ఉన్నయి. ఉమ్మొద్దు, గుంపుగ నిలబడొద్దు, మంచం మీద కూసోవద్దు, పాసు పోగొడితే యాభై రూపాయలు. వాటి కింద నాలుగు గీతలు ఖాళీగ ఇడిసిపెట్టు. రాత్రి మేం ఏం చూసినమో రాసుకుంటం. రాయరానోళ్లు మిస్డ్ కాల్ చూపెడతరు. తొమ్మిది నుంచి పది దాక జర చెల్లుబాటు అవు. మా మంచం కాడికి రౌండ్స్ వచ్చినప్పుడు ఐదు నిమిషాలు నన్ను గ్రిల్లు లోపటికి రానియ్యి. నోరు తెరిచి చెప్పేది చెప్పి, మళ్ల నా బాటిల్ నేను పట్టుకుంట.

డిశ్చార్జినాడు నిన్ను మడత పడకుండ వాపస్ ఇస్త. యాభై రూపాయలు నా దగ్గర లేవు.

ఇట్లు,
పద్నాలుగు తాలూకు మనిషి