కార్డుంది, వైద్యం లేదు

మా తిరుపతిలో ఓ ప్రైవేటు ఆసుపత్రి. గోడ మీద ఎన్టీఆర్ వైద్య సేవ బోర్డు ఇంత పెద్దది. దాని కిందే ప్లాస్టర్‌తో అంటించిన కాగితం: బకాయిలు రానందున సేవలు తాత్కాలికంగా నిలిపివేయడమైనది. కిడ్నీలో రాళ్లతో మా చిన్నాయన మెలికలు తిరిగిపోతుంటే, కౌంటర్లో కుర్రాడు తలెత్తకుండా "డబ్బు కడితే ఇప్పుడే చేర్చుకుంటారన్నా" అన్నాడు. వాణ్ణి అని ఏం లాభం?

2007లో ఆరోగ్యశ్రీగా మొదలైన ఉచిత వైద్య పథకమిది. ప్రభుత్వం మారితే పేరు మారుస్తారు, ఫొటో మారుస్తారు. 2023 డిసెంబరులో వైద్య ఖర్చు పరిమితి 25 లక్షలకు పెంచి చప్పట్లు కొట్టించుకున్నారు. మరి చేసిన ఆపరేషన్లకు బిల్లులెవరు కట్టాలి? 2025 అక్టోబరులో రాష్ట్రంలో నెట్‌వర్క్ ఆసుపత్రులు సేవలు ఆపేసింది ఈ బకాయిల కోసమే కదా! ఆసుపత్రుల వాళ్లేమీ పుణ్యాత్ములు కారు, ఆ సంగతి మనకు తెలియనిదా. అయినా నర్సుల జీతాలు, మందుల ఏజెన్సీ, కరెంటు బిల్లు ఎన్ని నెలలని అప్పు మీద నడుస్తాయి? ఇక్కడ ఆపితే జనమంతా పోయి పడేది మా ప్రభుత్వాసుపత్రి రుయా మీదే. అక్కడ డాక్టర్లకు మాత్రం ఎన్ని చేతులుంటాయి?

మేం మూడు రూపాయల వడ్డీకి తెచ్చి కట్టేశాం. ఆ రసీదు చూపిస్తే తర్వాత డబ్బు వెనక్కిస్తారా అని అడిగితే, అలాంటిదేం లేదట.