జొన్నరొట్టె ఎంత తిన్నా షుగర్ పెరగదా?

రెండు నెలలుగా మా నల్లగొండలో ఏ వాట్సాప్ గ్రూపు తెరిచినా ఇదే మెసేజ్: "మన సంప్రదాయ భోజనం అంటే అన్నం కుప్ప, అందుకే షుగర్. అన్నం మానండి, జొన్నరొట్టె ఎంత తిన్నా షుగర్ పెరగదు. పప్పులో ప్రోటీన్ ఉండదు. పచ్చిపులుసు వట్టి నీళ్లు." మా నాయన దాన్ని నమ్మి నెల రోజులు అన్నం ముట్టలేదు. అందుకే రాస్తున్నా.

అన్నం కుప్ప మన సంప్రదాయం కానే కాదు. మా దగ్గర వరికి ఊతమైన నాగార్జునసాగర్ నీళ్లు కాలువకు వదిలింది 1967లో. అంతకుముందు మెట్ట ఊళ్లలో రోజూ తినేది జొన్న గట్క, జొన్నరొట్టె, పక్కన పప్పో పుంటికూరో. వరి అన్నం పండుగకే.

ఇక రొట్టె. జొన్నలో పీచు ఎక్కువ, బియ్యం కంటే మంచిదే. "ఎంత తిన్నా" అన్న మాటే ముంచింది. అమ్మ ఒక్క రొట్టెకు తీసిన పిండిని తూచాను, 60 గ్రాములు. నాయన రాత్రికి మూడు తినేవారు, అంటే 180. వంద గ్రాముల జొన్నల్లో దాదాపు 68 గ్రాములు పిండిపదార్థమే, బియ్యంలో 78. పైగా మూడు రొట్టెలకు కూర రెండు గరిటెలే. తిన్న రెండు గంటలకు చూస్తే షుగర్ 240.

పప్పు మాటకైతే నాకు కోపమే వచ్చింది. వంద గ్రాముల కందిపప్పులో 22 గ్రాముల దాకా ప్రోటీన్ ఉంది. బియ్యంలో, జొన్నలో తక్కువయ్యే లైసిన్ (ప్రోటీన్‌లో ఒక భాగం) పప్పులో దొరుకుతుంది, పప్పులో తక్కువయ్యే మిథియోనిన్ (అదీ అలాంటిదే) బియ్యంలో, నువ్వుల్లో దొరుకుతుంది. లోపం పప్పుది కాదు, మన కొలతది. మా ఇంట్లో నలుగురికి ఒక టీ గ్లాసు పప్పు పోస్తాం. తూచితే 90 గ్రాములు. మనిషికి 5 గ్రాముల ప్రోటీన్ కూడా సరిగ్గా రాదు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనల్లో పప్పులు, గుడ్లు, మాంసం కలిపి ఒక మనిషికి రోజుకు 85 గ్రాములు ఉండాలంది. అంటే నలుగురం పంచుకుంటున్న ఆ గ్లాసు ఒక్కరికి సరిపోయేది! అదే సూచనల్లో కూరగాయలు 400 గ్రాములు, ధాన్యం 250.

పచ్చిపులుసులో పెద్దగా బలం లేదు, ఒప్పుకుంటా. దాంతో అన్నం ఇంకో ముద్ద ఎక్కువే పోతుంది. వేయించిన నువ్వుల పొడి కలిపితే కొంత నయం.

ఇప్పుడు మా ఇంట్లో పప్పు రెండు గ్లాసులు. నాయనకు మధ్యాహ్నం చిన్న గిన్నెడు అన్నం, దానికి రెండింతలు చిక్కుడుకాయో గోకరకాయో, గట్టి పప్పు, చల్ల. రాత్రికి ఒకటిన్నర రొట్టె, తోటకూర పప్పు. మీ ఇంట్లో షుగర్ మాత్రలు, ఇన్సులిన్ వాడేవాళ్లు ఉంటే మెసేజ్ చూసి ఒక్కసారిగా తిండి తగ్గించనివ్వకండి, షుగర్ పడిపోయి కళ్లు తిరుగుతాయి. ముందు డాక్టరుతో మాట్లాడి మందు డోసు చూపించుకోండి.