ఆటోస్టాండ్‌కు వెళ్లి అడగండి

కర్నూలులో కరెంటు బండ్లకు ఛార్జింగ్ స్టేషన్లు ఎక్కడ పెట్టాలో ముందు మీటింగ్ పెట్టి జనాన్నే అడగాలని పేపర్లో రాశారు. నూటికి నూరుపాళ్లు నిజం. అయితే ఆ మీటింగ్ పగలు పదకొండింటికి ఆఫీసు హాల్లో పెడితే ఎవరొస్తారు? ఆటోవాళ్లకు అది బేరాల టైం. సాయంత్రంపూట కొత్త బస్టాండ్ దగ్గర, రాజవిహార్ దగ్గర ఆటోలు ఆగే చోటికే వెళ్లి అడగాలి.

మాది పాతబస్తీలో రెండో అంతస్తు, అద్దె ఇల్లు. కరెంటు స్కూటర్ కొన్న కొత్తలో రోజూ రాత్రి ఛార్జింగ్ కోసం బాల్కనీలోంచి వైరు కిందికి వదిలేవాణ్ని. ఒకరోజు వాన జల్లుకు ఎక్స్‌టెన్షన్ బోర్డు తడిసి, ప్లగ్గు నల్లగా మాడిపోయింది. అదీ పిల్లలు ఆడుకునే మెట్ల పక్కన! తలుచుకుంటే ఇప్పటికీ గుండె దడే. ఓనర్ ఇక వద్దన్నాడు, ఆయన్ని తప్పుపట్టలేను. ఇప్పుడు మా తమ్ముడి షాపులో ఛార్జింగ్ పెట్టుకుంటున్నా.

44వ నంబర్ హైవే మన ఊరి మీదుగానే పోతుంది కాబట్టి హైదరాబాద్, బెంగళూరు కార్లకు ఫాస్ట్ ఛార్జర్లు కావాల్సిందే. కానీ మా స్కూటర్లకు మామూలు కరెంటు ప్లగ్గు చాలు, కాకపోతే గంటల తరబడి ఉంచాలి. అంటే ఆ ప్లగ్గులుండే స్టేషన్లు ఇళ్ల మధ్యే ఉండాలి. పైన రేకుల నీడ, రాత్రి లైటు తప్పనిసరి. మే నెల ఎండలో బండి వదిలేస్తే సీటు మీద చెయ్యి కూడా పెట్టలేం.

కరెంటు బండ్లను ప్రోత్సహించడానికి 2024లో కేంద్రం తెచ్చిన పీఎం ఈ-డ్రైవ్ పథకంలో ఛార్జింగ్ స్టేషన్లకే రూ.2,000 కోట్లు కేటాయించారు. అందులో మన వాటా అంతా హైవే పక్కనే ఖర్చు పెట్టకుండా పాతబస్తీ వీధులను కూడా లెక్కలోకి తీసుకోండి.