ఏడున్నర సర్వింగుల శని

డాక్టరు రోజుకు 1500 క్యాలరీలు దాటొద్దన్నారు. సరేనని నెల్లూరు దర్గామిట్టలో ఒక బంకులో 150 గ్రాముల మిక్చర్ ప్యాకెట్ కొని, తినే ముందు శాస్త్రోక్తంగా వెనక్కి తిప్పాను. చీమ కూడా కళ్లద్దాలు వెతుక్కునే అక్షరాలు. ఫోన్ కెమెరాలో పెద్దవి చేసి చూస్తే, సర్వింగ్‌కు 112 క్యాలరీలేనట! మురిసిపోయి చెయ్యి పెట్టబోతుంటే పక్క ముక్క కనబడింది. సర్వింగ్ అంటే 20 గ్రాములు, ప్యాకెట్‌లో ఏడున్నర సర్వింగులు. ఏడున్నర అంటే మనకు తెలిసింది ఏలినాటి శని ఒక్కటే. ఇప్పుడది కారప్పూస, బూందీ రూపంలో వస్తోందన్నమాట.

మరి 20 గ్రాములు తూచేదెట్లా? నేరుగా నగల కొట్లుండే ఆచారి వీధికి పోయాను. గ్రాము విలువ తెలిసినవాళ్లు అక్కడే ఉంటారు. తెలిసిన ఆచారిగారు గాజు పెట్టెలో త్రాసు మీద గుప్పెడు మిక్చర్ పోశారు. 23.410. పట్టకారుతో శనక్కాయ పప్పులు ఒక్కొక్కటే తీస్తూ వచ్చారు. 20.060 దగ్గర ఆగి, కరివేపాకు రెబ్బ పైకెత్తి, “ఇది తీసేసేదా సార్, తరుగు కింద వదిలేసేదా?” అన్నారు. పక్కన నెక్లెస్ బేరమాడుతున్న పెళ్లివాళ్లు బేరం ఆపేసి మమ్మల్నే చూస్తున్నారు. చివరికి నా చేతిలో పడింది చంటిపిల్లాడి గుప్పెడు. మిగతా 130 గ్రాములు పెళ్లివాళ్లూ ఆచారిగారూ మాటల్లో అవగొట్టేశారు. సర్వింగ్ ఎంతని ఒక్కరూ అడగలేదు.

అసలు లెక్క 100 గ్రాముల గడిలో ఉంది. 560 క్యాలరీలు. కొవ్వు 38 గ్రాములు, గ్రాముకు 9 చొప్పున 342 క్యాలరీలు నూనెవే. ప్యాకెట్ మొత్తానికి 840. నా రోజులో సగం పైనే ఒక్క మిక్చర్‌కు రాసిచ్చేయాలి.

నా సంగతి సరే, మా అమ్మకు షుగరు. టీవీలో తెల్లకోటు వేసుకున్నవాడెవడో కమ్మని తెలుగులో చెప్పాడని, గోధుమ కంకుల బొమ్మ ఉన్న బిస్కెట్లు తింటోంది. వెనక చూస్తే మొదటి పేరు మైదా. బరువు ఎక్కువున్నది ముందు రాయాలని రూలు కాబట్టి కంపెనీవాడు దొరికాడు. తర్వాత చక్కెర, ఆ తర్వాత పామాయిల్. గోధుమపిండి నాలుగోది. అదంతా ఇంగ్లీషులోనే. మన ఫుడ్ సేఫ్టీ నిబంధనల్లో వివరాలు ఇంగ్లీషులోనో హిందీలోనో ఉంటే చాలు, తెలుగులో రాయడం కంపెనీవాడి దయ. అమ్ముకోవడానికి వచ్చిన తెలుగు, ఇందులో చక్కెర ఉందమ్మా అని చెప్పడానికి రాదా? అయిదో క్లాసు చదివిన ముసలామెను మోసం చేసి బతకాలా? థూ!

అమ్మ పక్కన కూర్చుని మొత్తం తెలుగులో చదివి వినిపించాను. ప్యాకెట్ తీసుకుని కళ్లకు దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూసింది.

“ఇంత సన్నంగా రాశాడంటే, రాసినోడికే సిగ్గేసినట్టుంది అబ్బయా.”