అరబ్బులు ఇంట్లో మాట్లాడే అరబిక్ యంత్రాలకు ఎవరు నేర్పాలి?

అరబిక్ యంత్రానువాదంపై వెలువడిన పరిశోధనల్లో నాకు అన్నిటికన్నా కీలకంగా తోచేది 2012 నాటి ఒక పత్రం. ఈజిప్టు వాసులు, లెవాంట్‌గా పిలిచే సిరియా, లెబనాన్, జోర్డాన్, పాలస్తీనా ప్రాంతాల వాసులు ఇంటర్నెట్‌లో రాసుకున్న వాడుక భాషా వాక్యాలను పరిశోధకులు ఎంచుకుని, చిన్న చిన్న పనులను ఆన్‌లైన్‌లో డబ్బిచ్చి చేయించుకునే అమెజాన్ మెకానికల్ టర్క్ ద్వారా దొరికిన మనుషుల చేత ఇంగ్లీషులోకి అనువాదం చేయించారు. లెవాంట్ మాండలికంలో 11 లక్షల పదాలు, ఈజిప్టు మాండలికంలో 3 లక్షల 80 వేల పదాలు పోగయ్యాయి. ఆ కొద్దిపాటి సామగ్రితో తయారైన అనువాద వ్యవస్థ, 15 కోట్ల పదాల ప్రామాణిక అరబిక్ సమాంతర పాఠంతో, అంటే ఇంగ్లీషు అనువాదంతో జోడించిన పాఠంతో, శిక్షణ పొందిన వ్యవస్థను ఆ మాండలికాల అనువాదంలో 6 నుంచి 7 బ్లూ పాయింట్ల తేడాతో దాటిపోయింది. అనువాద నాణ్యతను కొలిచే ఈ బ్లూ గణనలో ఒక్క పాయింటు పెరిగినా పత్రం రాసుకునే రంగంలో ఇది అసాధారణమైన తేడా. దాదాపు 100 రెట్లు పెద్దదైన గ్రంథరాశి జనం మాట ముందు ఓడిందని అంకెలతో తేలిన తర్వాత కూడా, అరబిక్ సాంకేతికతకు అందుతున్న ధనం, యంత్రబలం, రాజకీయ ఆదరణ ఎక్కువగా ఆ గ్రంథరాశిని ఇంకా పెంచడానికే ఖర్చవుతున్నాయి. ఈ ప్రాధాన్యక్రమం తలకిందులు కావాలి.

అరబిక్‌కు రెండు అంతస్తులున్న సంగతి పాఠకులకు కొత్త కాదు. బడిలో, వార్తల్లో, కోర్టు కాగితాల్లో కనిపించే ఫుస్హా పై అంతస్తు. ఇంట్లో, బజారులో, ఫోన్‌లో వినిపించే ఆమ్మియా కింది అంతస్తు. ఒకే సమాజంలో ఒకే భాష ఇలా రెండు రూపాలుగా నడవడాన్ని భాషాశాస్త్రవేత్త చార్లెస్ ఫెర్గూసన్ 1959లో డైగ్లాసియా పేరుతో విశ్లేషించినప్పుడు, ఆయన తీసుకున్న నాలుగు ఉదాహరణల్లో అరబిక్ ఒకటి. పై రూపాన్ని ఏ తల్లీ బిడ్డకు ఉగ్గుపాలతో నేర్పదని, అది చదువుతో మాత్రమే అబ్బుతుందని ఆయన అప్పుడే స్పష్టం చేశారు.

అయినా యంత్రాలకు ఆ పై అంతస్తు అరబిక్‌నే ఎందుకు నేర్పారు? దొరికింది అదే కాబట్టి అన్నది సగం జవాబు. 1973లో ఐక్యరాజ్యసమితి సర్వప్రతినిధి సభ అరబిక్‌ను అధికార భాషల్లో చేర్చుకున్నాక, ఇంగ్లీషు పత్రానికి జోడుగా అరబిక్ పత్రం తయారవుతూ వచ్చింది. గణాంక పద్ధతిలో సాగే యంత్రానువాదానికి కావలసిన సమాంతర వాక్యాలు అక్కడ కుప్పలుగా దొరికాయి. 2006 ఏప్రిల్‌లో గూగుల్ ట్రాన్స్‌లేట్ ఈ పద్ధతితో ప్రజల ముందుకు వచ్చింది అరబిక్–ఇంగ్లీషు జంటతోనే. మిగతా సగం జవాబు కోసం డబ్బు ఎక్కడి నుంచి వచ్చిందో చూడాలి. 2001 సెప్టెంబరు దాడుల తర్వాత అమెరికాలో అరబిక్ పరిశోధనకు రక్షణ నిధులు వెల్లువెత్తాయి. అమెరికా రక్షణ పరిశోధన సంస్థ డార్పా నడిపిన గేల్ కార్యక్రమానికి అరబిక్ వార్తా ప్రసారాలను ఇంగ్లీషులో చదవగలగడం ముఖ్యం. వాక్యాల వ్యాకరణ నిర్మాణాన్ని గుర్తించి పెట్టిన సేకరణగా ఈ రంగానికంతటికీ ఆధారమైన పెన్ అరబిక్ ట్రీబ్యాంక్ తొలి భాగాలు కూడా ఏఎఫ్‌పీ, అన్-నహార్ వంటి సంస్థల వార్తా కథనాలతోనే నిండాయి. మాండలికాలు ఆ ప్రయోగశాలల్లో అడుగుపెట్టిన దారి ఇంకా స్పష్టంగా చెబుతుంది: ఇరాక్‌లో సైనికులు స్థానికులతో మాట్లాడేందుకు ట్రాన్స్‌టాక్, ఈజిప్టు వాడుక భాషలోని సందేశాలను, చర్చలను అర్థం చేసుకునేందుకు 2011లో మొదలైన బోల్ట్. ఈ క్రమమంతటా అరబిక్ మాట్లాడే మనిషి మాట వినవలసిన వస్తువుగా ఉన్నాడే తప్ప, ఆ యంత్రాన్ని తన పనికి వాడుకోబోయే మనిషిగా లేడు. పరిశోధకుల నిజాయతీని నేను శంకించడం లేదు. వారిలో అనేకులు అరబ్బులే, తమ భాషపై ప్రేమతోనే పనిచేశారు. కానీ ఏ వాక్యాలు సేకరించాలన్నది నిధులిచ్చినవారి అవసరమే నిర్ణయించింది.

దాని ఫలితం 2017 అక్టోబరులో ఒక పాలస్తీనా నిర్మాణ కార్మికుడి అనుభవంలోకి వచ్చింది. అతను వెస్ట్‌బ్యాంక్‌లో తాను పనిచేసే చోట బుల్డోజరు పక్కన దిగిన ఫొటోను, శుభోదయం చెబుతూ ఫేస్‌బుక్‌లో పెట్టాడు. యంత్రానువాదం ఆ పలకరింపును దాడి చేయమనే పిలుపుగా హీబ్రూలో చూపించింది. ఇజ్రాయెల్ పోలీసులు అతణ్ని అరెస్టు చేశారు. మూల వాక్యాన్ని అరబిక్ తెలిసిన అధికారి ఒక్కరైనా చదివి ఉంటే ఆ అరెస్టు జరిగేదే కాదు. అలా ఎవరూ చదవలేదు. కొన్ని గంటల తర్వాత పొరపాటు గ్రహించి విడిచిపెట్టారు. దీన్ని ఒక విడి ఘటనగా తీసివేయడానికి వీలులేదు. 2021 మే నాటి ఇజ్రాయెల్–పాలస్తీనా ఘర్షణల సమయంలో ఫేస్‌బుక్ మాతృసంస్థ మెటా వేదికలు ఎలా వ్యవహరించాయో తెలుసుకునేందుకు ఆ సంస్థే బీఎస్ఆర్ అనే సలహా సంస్థ చేత చేయించుకున్న నివేదిక 2022 సెప్టెంబరులో వెలువడింది. అరబిక్ పోస్టులపై అతిగా చర్యలు తీసుకున్నారని, వైరభాషను పసిగట్టే వ్యవస్థ అరబిక్‌కు ఉండగా హీబ్రూకు లేదని, అరబిక్ పోస్టులు ఆ మాండలికం తెలిసిన సమీక్షకులకు చేరకపోయి ఉండవచ్చని అది పేర్కొంది. రబాత్ మాటను బాగ్దాద్ మనిషి చేత, గాజా మాటను కైరో మనిషి చేత తూకం వేయించే వ్యవస్థకు అరబిక్ తెలుసునని చెప్పడం సత్యదూరం.

ఫుస్హాను సమర్థించేవారి వాదన తేలికగా కొట్టిపారేయదగింది కాదు. అట్లాంటిక్ తీరం నుంచి గల్ఫ్ దాకా 22 దేశాలను కలిపి ఉంచే సూత్రం అదేనని, మాండలికాలకు స్థిరమైన వర్ణక్రమం కూడా లేదని, వాటికి పట్టం కట్టడమంటే ఒక మహా వాఙ్మయాన్ని ముక్కలు చేయడమేనని వారి ఆందోళన. దానికి చారిత్రక కారణమూ ఉంది. 1893లో కైరోలో విలియం విల్‌కాక్స్ అనే బ్రిటిష్ నీటిపారుదల ఇంజనీరు ఫుస్హాను వదిలి ఈజిప్టు వాడుక భాషలో రాయాలని ఉపదేశించాడు. వలస పాలకుడి నోట వచ్చిన ఆ సలహాను అరబ్బులు అనుమానించడంలో తప్పు లేదు. అయితే మాట్లాడేవారి మాట యంత్రానికి తెలియాలని కోరడం, వారి రాతను మార్చమని కోరడం ఒకటి కావు. రాయడం మానమని ఎవరూ అనడం లేదు, వినడం నేర్పమంటున్నాం. వర్ణక్రమం సమస్యకు కోడా పేరుతో 2012 నుంచే పరిశోధకులు ఒక సంప్రదాయాన్ని నిర్మించుకుంటూ వచ్చారు.

భారీ భాషా నమూనాల కాలంలో ఈ సమస్య తీరిపోయిందని అనుకునేవారు ఆ నమూనాలు ఏమి తిని పెరిగాయో చూడాలి. 2023 ఆగస్టులో అబుదాబి నుంచి వచ్చిన జైస్ 1,300 కోట్ల పరామితుల నమూనా; అరబిక్ ప్రపంచం గర్వించిన ప్రయత్నం అది, ఆ గర్వంలో న్యాయముంది. దానికి 11,600 కోట్ల అరబిక్ టోకెన్లు (పదాలు, పదాల ముక్కలు), 27,900 కోట్ల ఇంగ్లీషు టోకెన్లు అందించారు. ఆ అరబిక్ లెక్కలో ఉన్న పాఠాన్నే మళ్లీ వాడిన భాగం ఒకటి, ఇంగ్లీషు వికీపీడియాను, ఇంగ్లీషు పుస్తకాలను యంత్రం చేత అరబిక్‌లోకి అనువదింపజేసి కలిపిన భాగం మరొకటి ఉన్నాయి. నిర్మాతలు ఈ విషయాన్ని దాచలేదు, తమ పత్రంలోనే రాశారు. నా అభ్యంతరం ఆ పద్ధతికే. మూడు ఖండాల్లో కోట్ల మంది పగలూ రాత్రీ మాట్లాడుకుంటున్న భాషకు సామగ్రి కొరత వచ్చిందని, ఇంగ్లీషు పుస్తకాలను యంత్రంతో తిరగరాయించి ఆ లోటు పూడ్చుకోవడం ఎంత విచిత్రం! అలా పెరిగిన నమూనా అరబిక్ లిపిలో ఇంగ్లీషు లోకాన్ని చెబుతుంది. దాని సామర్థ్యాన్ని ఇంగ్లీషు నుంచి అనువదించిన పరీక్షలతోనే కొలిస్తే, అమెరికా చరిత్రపై, అమెరికా చట్టంపై ప్రశ్నలకు జవాబు చెప్పిన యంత్రానికి అరబిక్‌లో ఉత్తీర్ణత పత్రం ఇచ్చినట్టవుతుంది.

ఈ దారి సరైనది కాదని తొలుత గుర్తించినవారు కూడా అదే పరిశోధక లోకంలో ఉన్నారు. 2024లో వచ్చిన అరబిక్ ఎంఎంఎల్‌యూ పరీక్షలో 40 విభాగాల కింద 14,575 ప్రశ్నలను ఉత్తర ఆఫ్రికా, లెవాంట్, గల్ఫ్ దేశాల విద్యార్థులు నిజంగా రాసే పరీక్షల నుంచి తీసుకున్నారు. అనువాదం మీద ఆధారపడకుండా అరబ్ బడి నుంచి యంత్రానికి ప్రశ్నపత్రం వచ్చింది. అది పెద్ద అడుగే. అయితే ఆ ప్రశ్నపత్రం సైతం ఫుస్హాలోనే ఉంది. మాండలికాల వైపు చూస్తే, బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయ బృందం 100 కోట్ల ట్వీట్లతో రూపొందించిన మార్‌బెర్ట్ అనే భాషా నమూనా ఉంది. అటువంటి నమూనాలు వాక్యం చూసి అది ఏ దేశపు మాండలికమో గుర్తించే పోటీల్లో ఎడిన్‌బరో పరిశోధకులు 2023లో ఒక లోపాన్ని బయటపెట్టారు. ఆయా మాండలికాలు మాట్లాడేవారికి చూపించి పరిశీలించగా, యంత్రం చేసిన తప్పులుగా లెక్కించినవాటిలో సుమారు 66 శాతం అసలు తప్పులే కావు. ఆ వాక్యం రెండు మూడు దేశాల్లో చెల్లుబాటయ్యేదే. వాక్యానికి ఒకే దేశం చీటీ అంటించడం వల్ల వచ్చిన చిక్కు అది. సరిహద్దులు గీసిన పటాన్ని నమ్మి, మాట్లాడేవాళ్లను చివరికి గానీ అడగకపోవడం ఈ రంగానికి అలవాటైపోయింది.

మాండలిక సేకరణల్లో అన్నిటికన్నా ఉన్నతమైన మాదార్ ప్రాజెక్టులోనూ ఈ అలవాటు ఛాయలున్నాయి. న్యూయార్క్ విశ్వవిద్యాలయం అబుదాబి శాఖ, కార్నెగీ మెలన్ ఖతార్ శాఖ కలిసి 2018లో వెలువరించిన ఈ సేకరణలో రబాత్ నుంచి మస్కట్ దాకా, అలెప్పో నుంచి ఖార్టూమ్ దాకా 25 నగరాల మాండలికాల్లో ఒకే 2,000 వాక్యాలు ఉన్నాయి. ఒకే వాక్యాన్ని 25 నగరాలు ఎలా పలుకుతాయో పక్కపక్కన చూపిన ఘనత దానిది. నాకు దానిపై ఎనలేని గౌరవం. కానీ ఆ వాక్యాలు పర్యాటకుల కోసం తయారైన ప్రయాణ సంభాషణల నుంచి వచ్చాయి, ఇంగ్లీషు, ఫ్రెంచి భాషల నుంచి ఆయా మాండలికాల్లోకి అనువదించినవి. హోటల్ గది అడిగే మాట, దారి అడిగే మాట, మందుల దుకాణంలో అడిగే మాట అందులో దొరుకుతాయి. జనం మాటను సేకరించడానికి వెళ్లిన చోట కూడా మొదటి వాక్యం బయటివాడిదే అయింది.

గల్ఫ్ విషయంలో ఈ లోపం మరీ కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. యూఏఈ, ఖతార్, కువైట్ జనాభాలో అత్యధికులు విదేశీయులు. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ జిల్లాల నుంచి నిర్మాణ కార్మికులుగా వెళ్లిన మగవాళ్లు, కడప, కోనసీమ ప్రాంతాల నుంచి ఇంటిపనికి కువైట్ వెళ్లిన ఆడవాళ్లు రోజూ మాట్లాడేది అరబిక్. క్రియకు ఒకటే రూపం, సర్వనామాలకు క్లుప్త రూపాలు, మధ్యలో హిందీ, ఇంగ్లీషు ముక్కలు కలిసిన ఆ మాటను భాషాశాస్త్రవేత్తలు గల్ఫ్ పిడ్జిన్ అరబిక్ పేరుతో దశాబ్దాలుగా వర్ణిస్తున్నారు. దోహా వీధిలో, దుబాయ్ లేబర్ క్యాంపులో, రియాద్ ఇంట్లో యజమానికీ పనివారికీ మధ్య నడిచే భాష అదే. నేను చూసిన మాండలిక సేకరణల్లో మాత్రం దానికి చోటు లేదు. వాటిలో నగరమంటే ఆ నగర పౌరుడే. పని మనిషి మాట భాషగా లెక్కలోకి రాకపోవడం అరబిక్‌కు పరిమితమైన సంగతి కాదు, తెలుగులోనూ ఎవరి మాట పుస్తకానికి అర్హమన్న పేచీ ఒక శతాబ్దం దాటినా నడుస్తూనే ఉంది.

దీనివల్ల జరిగే నష్టం సైద్ధాంతికం మాత్రమే అనుకోవద్దు. గల్ఫ్ దేశాల్లో కోర్టుల భాష అరబిక్. ఉద్యోగ ఒప్పందం రెండు భాషల్లో ఉన్నప్పుడు సాధారణంగా అరబిక్ పాఠమే చెల్లుతుంది. కఫీల్ (వీసా పూచీదారైన యజమాని) ఏమన్నాడో, అకామా (నివాస అనుమతి) కాగితంలో ఏముందో తెలుసుకోవడానికి మనవాళ్లు ఫోన్ పట్టుకుంటే, తెలుగుకూ అరబిక్‌కూ మధ్య నేరుగా నేర్చిన సామగ్రి అతి స్వల్పం కాబట్టి, యంత్రం ఎక్కువగా ఇంగ్లీషు పునాది మీదే ఆధారపడి జవాబు చెబుతుంది. కాగితంలోని ఫుస్హా కొంత అందవచ్చు. యజమాని కోపంగా అన్న మాట, పనిమనిషి తన బాధ చెప్పుకున్న మాట అందవు. భారత ప్రభుత్వపు యంత్రానువాద వేదిక భాషిణి మన షెడ్యూల్డ్ భాషల కోసం ఏర్పడింది. లక్షల మంది భారతీయులు బతుకుతెరువు కోసం రోజూ వాడే ఈ అరబిక్‌ను దాని పరిధిలోకి తీసుకురావాలని పార్లమెంటులో మన ఎంపీలు అడగాలి.

ఈ పనికి హైదరాబాద్‌కున్న అర్హత దేశంలో మరే నగరానికీ లేదని నా నమ్మకం. 1888లో ఇక్కడ ఏర్పడిన దాయిరతుల్ మారిఫ్ అనే ప్రచురణ సంస్థ అరుదైన అరబిక్ రాతప్రతులను పరిష్కరించి ప్రపంచానికి అందించింది. ఉస్మానియాలో, ఇఫ్లూలో అరబిక్ శాఖలున్నాయి. ట్రిపుల్ ఐటీలో భారతీయ భాషల యంత్రానువాదంపై ఏళ్ల తరబడి పనిచేసిన పరిశోధకులున్నారు. బార్కస్‌లో యెమెన్‌లోని హద్రమౌత్ మూలాలున్న కుటుంబాలున్నాయి. ఈజిప్టు మాండలికానికి 3 లక్షల 80 వేల పదాలు సరిపోయినప్పుడు, గల్ఫ్‌లో తెలుగువారు వినే, మాట్లాడే అరబిక్‌ను తెలుగుతో జోడించి అంత సామగ్రి పోగుచేయడం ఒక విశ్వవిద్యాలయ శాఖ రెండు మూడేళ్లలో చేయగల పని. జీతం ఆపారని, పాస్‌పోర్టు తిరిగి ఇవ్వడం లేదని, ఒంట్లో బాగాలేదని, ఇంటికి పంపమని అడిగే వాక్యాలతో ఆ సేకరణ మొదలుకావాలి. ఆ వాక్యాలను ఇంగ్లీషు నుంచి అనువదించవలసిన పని లేదు. కువైట్ వంటిళ్లలో ఏళ్లపాటు పనిచేసి వచ్చిన మహిళలు కడప, కోనసీమ పల్లెల్లో ఉన్నారు. వారికి వృత్తి అనువాదకులకిచ్చే రేటు చెల్లించాలి, వారు అంగీకరిస్తే పరిశోధన పత్రంలో రచయితల పేర్ల వరుసలో వారి పేర్లూ ఉండాలి.