లాగ్ లావెక్కింది, లాగ్‌నే శిక్షిద్దాం

డేటాబేస్ 40 జీబీ, అందులో జరిగే ప్రతి మార్పునూ రాసుకునే ట్రాన్సాక్షన్ లాగ్ 300 జీబీ ఉందనుకోండి. తప్పెవరిదన్న విషయంలో మన ఐటీ వర్గాల్లో భిన్నాభిప్రాయాలు లేవు. లాగ్‌దే. లాగ్ ఉండే ఎల్‌డీఎఫ్ ఫైలు అంత లావున కళ్లెదుట కనిపిస్తుంటే ఇంకా విచారణ దేనికి?

ఆ డేటాబేస్‌ను నడిపే మైక్రోసాఫ్ట్ సాఫ్ట్‌వేర్ ఎస్‌క్యూఎల్ సర్వర్‌కు ఈ లోకజ్ఞానం లేదు. లాగ్ ఎందుకు ఖాళీ కావడం లేదో సిస్.డేటాబేసెస్ అనే తన జాబితాలో, లాగ్_రీయూజ్_వెయిట్_డెస్క్ అనే కాలమ్‌లో అమాయకంగా రాసి పెడుతుంది. అక్కడ 'రెప్లికేషన్' (మార్పులను వేరే డేటాబేస్‌కు నకలు పంపడం) అని ఉంటే, లాగ్ రీడర్ ఏజెంట్ అనే ప్రోగ్రాం వచ్చి చదివి మార్పులను మధ్యలో నిలవుంచే డిస్ట్రిబ్యూషన్ డేటాబేస్‌కు చేర్చేదాకా లాగ్ ఆ రికార్డులను వదలదని అర్థం. ఒక్క సెలెక్ట్ క్వెరీ కొడితే తెలిసిపోతుంది. అంత చవగ్గా దొరికే కారణానికి విలువేముంటుంది? అందుకే అందరినీ ఒకే లైన్‌లోకి లాగే బ్రిడ్జ్ కాల్ పెడతాం.

కాల్‌లో మొదటి తీర్మానం ష్రింక్, అంటే ఫైలును కుదించడం. ఫైలు చివర్లో ఉన్న వర్చువల్ లాగ్ ఫైళ్లు (లాగ్‌లోని అంతర్గత ముక్కలు) ఇంకా యాక్టివ్‌గానే ఉన్నాయి కనుక డీబీసీసీ ష్రింక్‌ఫైల్ ఆదేశం ఎంత కొట్టినా అంగుళం కదలదు. గట్టిగా కొట్టలేదేమోనని మళ్లీ కొడతారు. రెండో తీర్మానం, లాగ్‌ను ఎప్పటిదాకా దాచాలో చెప్పే రికవరీ మోడల్‌ను సింపుల్‌కు మార్చడం. సింపుల్‌లోనూ రెప్లికేషన్ చదవని రికార్డులు అలాగే ఉంటాయి; తెగేది లాగ్ బ్యాకప్‌ల వరస. ఏదో ఒకటి తెగింది కదా, పురోగతే.

ఈలోగా ఓ సీనియర్, బ్యాకప్ లేకుండానే లాగ్‌ను కోసేసే ట్రంకేట్_ఓన్లీని తలుచుకుని నిట్టూరుస్తారు. 2008 వెర్షన్‌లో దాన్ని తీసేశారు. అది ఉన్న రోజుల్లోనూ రెప్లికేషన్ పట్టుకున్న లాగ్ దానికి లొంగేది కాదు, కానీ నిట్టూర్పుకు ఇలాంటి వివరాలు అడ్డురావు.

ఇక బ్రహ్మాస్త్రం: ఎస్‌పీ_రెప్ల్‌డన్ అనే ఆదేశం. రీసెట్‌కు 1 ఇచ్చి నడిపితే, చదవని లావాదేవీలన్నీ చేరిపోయినట్టే గుర్తు వేస్తుంది. బియ్యం పంచకుండానే రేషన్ రిజిస్టర్‌లో కార్డుదారులందరి వేలిముద్రలూ వేయించడం లాంటిది. లెక్క తేలింది. లాగ్ స్థలం వదిలింది, ష్రింక్ పనిచేసింది, కాల్‌లో చప్పట్లు. నకలు అందుకోవాల్సిన సబ్‌స్క్రైబర్‌కు ఆ లావాదేవీలు ఇక ఎప్పటికీ రావు. నెలాఖరు రిపోర్టులు అక్కణ్నుంచే తీస్తారు కదా అని ఎవరో గొణిగారు. అది రిపోర్టింగ్ టీమ్ పరిధిలోని అంశం.

సబ్‌స్క్రైబర్‌ను కూడా నిందితుల జాబితాలో చేర్చాలని కొందరి వాదన. ఇది మాత్రం ఘోరం. సబ్‌స్క్రైబర్ నిద్రపోతే ఉబ్బేది డిస్ట్రిబ్యూషన్ డేటాబేస్. దానికైనా లావాదేవీలను దాచుకోవడానికి డిఫాల్ట్‌గా 72 గంటల గడువుంది. లాగ్ ఓపికకు గడువు లేదు. డిస్క్ ఉంటే 2 టెరాబైట్ల దాకా ఎదురుచూస్తుంది. డిస్క్ నిండితే 9002 ఎర్రర్ ఇచ్చి, చదువుకోండి గానీ ఏమీ రాయకండి అంటుంది.

అసలు లాగ్ రీడర్ ఎందుకు ఆగిపోయింది సార్, అని అడిగింది ఆ నెలే చేరిన ట్రైనీ. అనుభవం లేక అడిగింది, క్షమించవచ్చు. ఆ ఏజెంట్ నడిచే ఖాతా పాస్‌వర్డ్‌ను సెక్యూరిటీ టీమ్ మార్చింది. మార్చినట్టు అందరికీ మెయిల్ కూడా పెట్టింది. ఏజెంట్ మెయిల్ చూసుకోలేదు. కొత్త పాస్‌వర్డ్ ఇచ్చి ఏజెంట్‌ను లేపితే మిగిలిందంతా అదే చదువుకునేది, లాగ్ బ్యాకప్‌తో స్థలం దానంతటదే ఖాళీ అయ్యేది. కానీ అప్పటికే చప్పట్లు అయిపోయాయి. ఇప్పుడు కొత్త స్నాప్‌షాట్ (మొత్తం డేటా నకలు) తీసి సబ్‌స్క్రిప్షన్‌ను మొదటినుంచీ రీఇనీషియలైజ్ చేయాలి. అంటే వారాంతం డ్యూటీ, ట్రైనీకి.

ఆర్‌సీఏ (మూలకారణ విశ్లేషణ) డాక్యుమెంట్‌లో మూలకారణం: 'లాగ్ అనూహ్యంగా పెరగడం'. నివారణ: ప్రతి ఆదివారం రాత్రి ష్రింక్ జాబ్. ష్రింక్ చేసిన లాగ్ సోమవారం నుంచి చిన్నచిన్న ముక్కలుగా మళ్లీ పెరిగి, వేలకొద్దీ వర్చువల్ లాగ్ ఫైళ్లతో లాగ్ రీడర్‌నే నత్తనడక నడిపిస్తుంది కాబట్టి, ముందుచూపుతో కొత్త డిస్కుల ప్రతిపాదన కూడా జతచేశారు. డిస్కులకు ఆమోదం ఆ సాయంత్రమే వచ్చింది. ఏజెంట్‌కు కొత్త పాస్‌వర్డ్ ఇచ్చే టికెట్ ఇంకా ఓపెన్‌లోనే ఉంది.