మారాం, కావాలంటే సర్టిఫికెట్ చూడండి

హైదరాబాద్‌లో చదువులు కాలంతో పాటు మారడం లేదని ఎవరైనా అంటే నాకు ఒళ్లు మండుతుంది. మారకపోవడమేంటండీ? నిన్నమొన్నటిదాకా సీఎస్‌ఈ, అంటే కంప్యూటర్ సైన్స్, అని ఒకటే బ్రాంచి ఉన్న ఇంజనీరింగ్ కాలేజీలో ఇవాళ ఏఐ అండ్ ఎంఎల్, డేటా సైన్స్, సైబర్ సెక్యూరిటీ, ఐఓటీ అని వరసపెట్టి బ్రాంచీలున్నాయి. బిల్డింగ్ అదే, కంప్యూటర్లు అవే, ల్యాబ్ అసిస్టెంట్ కూడా అదే మనిషి. డేటా సైన్స్ ల్యాబ్ చూపించమంటే ఆయన జేబులోంచి తాళంచెవి తీసి ఒక తలుపు తెరుస్తాడు. సైబర్ సెక్యూరిటీ ల్యాబ్ కూడా చూపించమంటే అందర్నీ మర్యాదగా బయటికి పంపి, తలుపేసి, మళ్లీ అదే తలుపు తెరుస్తాడు. పైసా ఖర్చు లేకుండా ఇంత మార్పు తెచ్చినవాళ్లకి సన్మానం చేయాల్సింది పోయి విమర్శలా?

ఒక్కో బ్రాంచిలో ఇన్ని సీట్లకు మించకూడదనే పరిమితిని సాంకేతిక విద్యని నియంత్రించే ఏఐసీటీఈ 2024-25 నుంచి ఎత్తేశాక ఈ ఉద్యమం మరింత ఊపందుకుంది. సివిల్, మెకానికల్ సీట్లు వదిలించుకుని కంప్యూటర్ సీట్లు పెంచుకోవడానికి కాలేజీలు పోటీపడ్డాయి. నగరానికి రేపు ఫ్లైఓవర్లు ఎవరు కడతారని అడిగే అమాయకులకు ఒకటే జవాబు: అప్పటికి ట్రాఫిక్ కదలడం పూర్తిగా ఆగిపోతుంది కాబట్టి వాటి అవసరం ఉండదు.

బ్రాంచి పోయిన మెకానికల్ సార్ సంగతేంటి అంటారా? ఆయనా మారాడు. వారం రోజుల ఆన్‌లైన్ ఎఫ్‌డీపీ అనే శిక్షణలో కూర్చున్నాడు, చివరిరోజు ఫీడ్‌బ్యాక్ ఫామ్ నింపాడు, సర్టిఫికెట్ మెయిల్‌కి వచ్చింది, సోమవారం నుంచి పైథాన్ చెబుతున్నాడు. పీజీలో హీట్ ట్రాన్స్‌ఫర్ చదివిన మనిషి. రాత్రి పిల్లల్ని పడుకోబెట్టాక యూట్యూబ్‌లో ఒక పాఠం చూసుకుని పొద్దున్నే వచ్చి అదే చెబుతాడు, ముందు బెంచీలో అమ్మాయి ఆ వీడియో కింద వచ్చిన కామెంట్లతో సహా చూసేసి ఉంటుంది. ఆయన్ని నేను ఒక్క మాట అనను. ఈ మొత్తం వ్యవహారంలో నిజంగా ఏదో కొత్తది నేర్చుకోవడానికి నిద్ర మానుకున్న మనిషి ఆయనొక్కడే, అదీ జీతం సరిగ్గా వస్తుందో లేదో తెలియకుండా.

ఇక సిలబస్. జేఎన్‌టీయూలో సిలబస్‌ని పుట్టిన సంవత్సరంతో పిలుస్తారు. ఆర్18 అయ్యాక ఆర్22 వచ్చింది. 2022లో కొత్త రెగ్యులేషన్‌తో బ్యాచ్ క్లాసుల్లో అడుగుపెట్టింది, అదే ఏడాది నవంబర్ చివర్లో చాట్‌జీపీటీ బయటికొచ్చింది. చాట్‌జీపీటీ వాళ్లు ముందే ఒక మాట చెప్పి ఉంటే సర్దుకునేవాళ్లం. అయినా మన కాలేజీలు కంగారు పడలేదు. పిల్లలు అసైన్‌మెంట్లు దాంతో రాయిస్తున్నారని తెలియగానే ఒక సర్క్యులర్ తీశారు, ఇకమీదట అసైన్‌మెంట్లన్నీ చేత్తోనే రాయాలని. ఇప్పుడు పిల్లలు అది ఇచ్చిన జవాబుని ఫోన్‌లో పెట్టుకుని, మార్జిన్ కొట్టి, హెడ్డింగులకు వేరే రంగు పెన్ను వాడి, ఆరేడు పేజీలు ఒద్దికగా దించుతున్నారు. కృత్రిమ మేధ రాసిన దాన్ని చేత్తో ఎక్కించే ఉద్యోగం రేపు ప్రపంచంలో ఎక్కడైనా పుడితే దానికి తయారుగా ఉన్న యువత మన దగ్గరే ఉంది.

కానీ అసలు పని క్లాసులో జరగదు, ఫైల్లో జరుగుతుంది. 2014లో మన దేశం ఇంజనీరింగ్ చదువుల్ని పరస్పరం గుర్తించుకునే దేశాల ఒప్పందం, వాషింగ్టన్ అకార్డ్‌లో పూర్తి సభ్యత్వం తెచ్చుకుంది. అంటే మన ఇంజనీరింగ్ డిగ్రీలు, కోర్సుల నాణ్యత చూసే ఎన్‌బీఏ నుంచి తగిన స్థాయి గుర్తింపు ఉన్నవి, ఆ ఒప్పందంలోని దేశాల్లోనూ చెల్లుతాయన్నమాట. మంచి విషయమే, నేను వెటకారం చేయడం లేదు. దానికోసం విద్యార్థికి చివరికి ఏం వచ్చిందో కొలవాలన్నారు, అదీ న్యాయమే. మనవాళ్లు దాన్ని ఎలా కొలిచారో చూడండి. ప్రతి సబ్జెక్టుకి కొన్ని కోర్స్ అవుట్‌కమ్స్ ఉంటాయి. మొత్తం ప్రోగ్రామ్‌కి 12 అవుట్‌కమ్స్ ఉండేవి. వీటిని అడ్డంగా, వాటిని నిలువుగా పెట్టి, ఒక్కో గడిలో సంబంధం గట్టిగా ఉంటే 3, మధ్యస్థంగా ఉంటే 2, అంతంతమాత్రంగా ఉంటే 1 వేయాలి. దీన్నే సీఓ-పీఓ మ్యాపింగ్ అంటారు. ఒక సబ్జెక్టు చెప్పడం రాని లెక్చరర్ కాలేజీలో నెగ్గుకురాగలడు, ఈ గడులు నింపడం రానివాడు నెగ్గుకురాలేడు.

గుర్తింపు కోసం తనిఖీకి ఎన్‌బీఏ కమిటీ వస్తుందనగానే క్లాసులు ఆగిపోతాయి. డిపార్ట్‌మెంట్ అంతా ఒక గదిలో చేరుతుంది, బిర్యానీ వస్తుంది, మూడేళ్ల కిందటి గడులు ఇప్పుడు నిండుతాయి. "మేడమ్, డేటాబేస్ సబ్జెక్టుకి పర్యావరణం దగ్గర ఎంత వేద్దాం?" "ఒకటి వెయ్యండి సార్, రెండేస్తే ఆధారం అడుగుతారు." ఆ జాబితాలో చిట్టచివరిది జీవితాంతం నేర్చుకుంటూ ఉండటం. దాని కింద దాదాపు అన్ని సబ్జెక్టులకీ 3 వేస్తారు, ఎందుకంటే జీవితం అయిపోయేదాకా ఎవరూ వచ్చి చెక్ చేయలేరు. ఇటీవల ఎన్‌బీఏ వాళ్లు కూడా మార్పుని గౌరవించి 12ని 11 చేశారు. నాకు తెలిసిన ఒక హెచ్‌ఓడీ ఈ వార్త విని కళ్లు మూసుకుని దేవుడికి దండం పెట్టుకున్నాడు. తర్వాత ఆయనకి గుర్తొచ్చింది, పాత ఎక్సెల్ షీట్లన్నీ మళ్లీ చేయాలని.

ఇక్కణ్నుంచి పట్టా పుచ్చుకున్న పిల్లలు సాఫ్ట్‌వేర్ కంపెనీలుండే మాదాపూర్, గచ్చిబౌలి వైపు వెళ్తారు. అక్కడ మార్పు ఇంకా పకడ్బందీగా ఉంటుంది. ఏడాదికి ఇన్ని లెర్నింగ్ అవర్స్ పూర్తి చేయాలని అప్రైజల్‌లోనే రాసి ఉంటుంది. పాఠం అంటే వీడియో. అందులో కోటు వేసుకున్న బొమ్మ మనిషి చేతులు ఊపుతూ మాట్లాడతాడు, వాడు మాటలు ఆపేదాకా నెక్స్ట్ బటన్ వెలగదు. మన టీమ్ లీడ్ ఏం చేస్తాడంటే, వీడియో మ్యూట్‌లో పెట్టి, పక్క స్క్రీన్‌లో క్లయింట్ కాల్ నడిపిస్తూ, అప్పుడప్పుడూ మౌస్ కదుపుతుంటాడు. ఆఖర్లో క్విజ్, 80 శాతం రావాలి, రాకపోతే మళ్లీ అవే ప్రశ్నలు. జవాబులు టీమ్ వాట్సాప్ గ్రూపులో ఎప్పుడో ఉన్నాయి. నిజం చెప్పాలంటే సంస్థలో జ్ఞానం ఒకరి నుంచి ఒకరికి చేరుతున్నది ఆ గ్రూపులోనే.

సైబర్ భద్రత శిక్షణ గురించి చెప్పకపోతే పాపం. కంగారుపెట్టే మెయిల్ వస్తే నమ్మొద్దు, వెంటనే క్లిక్ చేయమంటే చేయొద్దు, లేకపోతే చర్య తీసుకుంటామని బెదిరిస్తే అది కచ్చితంగా మోసమే అని ఆ వీడియోలో చెబుతారు. ఆ వీడియో చూడమంటూ వచ్చే మెయిల్ ఇలా ఉంటుంది: మీ గడువు ఈరోజుతో ముగుస్తుంది, వెంటనే ఈ లింక్ క్లిక్ చేయండి, లేకపోతే మీ మేనేజర్‌కి తెలియజేస్తాం. పాఠం బాగా ఒంటబట్టిన ఒక కుర్రాడు ఆ మెయిల్‌ని మోసమని రిపోర్ట్ చేశాడు. శిక్షణ పూర్తిచేయనివాళ్ల జాబితాలో అతని పేరు మొదట వచ్చింది.

మార్చి నెలలో ఈ ఊరి ఐటీ మొత్తం ఒక్కసారిగా జ్ఞానులైపోతుంది. పదకొండు నెలలు సున్నా దగ్గరున్న అంకె వారం రోజుల్లో వందకి చేరుతుంది, డ్యాష్‌బోర్డ్ పచ్చబడుతుంది, టౌన్‌హాల్‌లో పెద్దసారు ఆ పచ్చదనాన్ని తెరమీద చూపించి చప్పట్లు కొట్టిస్తాడు. ఇంత పచ్చగా ఉన్న పరిశ్రమలోనే టీసీఎస్ 2025 జులైలో సుమారు 2 శాతం, అంటే 12 వేల మందికి పైగా ఉద్యోగులను తగ్గించుకుంటామని ప్రకటించింది, అదీ ఎక్కువగా మధ్య, పై స్థాయుల్లో. వాళ్లలో ఎంతమంది డ్యాష్‌బోర్డులో ఎర్రగా ఉండి ఉంటారు? నా అనుమానం, ఒక్కరూ ఉండరు. పదిహేనేళ్లు సర్టిఫికెట్లు సంపాదించిన మనిషికి కొత్త ప్రాజెక్టులో పెట్టేంత నైపుణ్యం లేదంటే, ఆ సర్టిఫికెట్లు ఇచ్చింది ఎవరని తిరిగి అడిగే కాలమ్ మాత్రం ఏ ఫార్మాట్‌లోనూ ఉండదు.

ఇంతకీ పిల్లలకి పని నేర్పేది ఎవరు? కాలేజీని అడిగితే, మేం పునాది వేస్తాం, మిగతాది కంపెనీ ట్రైనింగ్‌లో చూసుకుంటారు అంటుంది. కంపెనీని అడిగితే, మాకు వచ్చిన రోజే పని చేసేవాళ్లు కావాలి, కాలేజీలు పరిశ్రమకి తగ్గట్టు తయారు చేయాలి అంటుంది. రాష్ట్ర ప్రభుత్వం 2024లో యంగ్ ఇండియా స్కిల్స్ యూనివర్సిటీకి చట్టం చేసి, ఆనంద్ మహీంద్రాని ఛైర్మన్‌ని చేసింది. నైపుణ్యాలకి విడిగా ఒక యూనివర్సిటీ పెట్టారంటే మిగతా యూనివర్సిటీల్లో ఉండేదేంటో మర్యాద కొద్దీ మనం అడగకూడదు. ఈలోగా తండ్రి మాత్రం కాలేజీ ఫీజు ఒకసారి, అదే కాలేజీలో ప్లేస్‌మెంట్ ట్రైనింగ్ ఫీజు ఇంకోసారి, అవి రెండూ చాలక అమీర్‌పేటలో కోర్సు ఫీజు మూడోసారి కట్టి, ఒకే చదువుని మూడు చోట్ల కొంటున్నాడు.

అమీర్‌పేట దగ్గరికి వచ్చాక టోపీ తీయాల్సిందే. కరోనా తర్వాత చాలా బ్యాచ్‌లు ఆన్‌లైన్‌కి వెళ్లిపోయినా మైత్రీవనం, ఆదిత్య ఎన్‌క్లేవ్ చుట్టుపక్కల గోడలు చదివితే గత పాతికేళ్ల సాఫ్ట్‌వేర్ చరిత్ర తెలుస్తుంది. జావా మీద డాట్‌నెట్, దానిమీద టెస్టింగ్ టూల్స్, ఆపైన డెవాప్స్, డేటా సైన్స్, ఇప్పుడు జనరేటివ్ ఏఐ. యూనివర్సిటీ బోర్డ్ ఆఫ్ స్టడీస్ ఒక మార్పు చేయడానికి ఏళ్లు పడుతుంది, అమీర్‌పేట సోమవారం నుంచి కొత్త బ్యాచ్ అంటుంది. ఆ వేగానికి కారణం ఇన్‌స్టిట్యూట్ వాళ్లనుకున్నాను. కాదు, ఫ్లెక్స్ కొట్టే ఆయన. కాలేజీల కొత్త బ్రాంచీల బోర్డులూ ఆయనవే, కంపెనీ లెర్నింగ్ వీక్ బ్యానర్లూ ఆయనవే. ఏ కోర్సు లేస్తోందో, ఏది పడిపోతోందో ఆయన ఆర్డర్ బుక్ చూస్తే చాలు.

యూజీసీ 2022లో ప్రొఫెసర్ ఆఫ్ ప్రాక్టీస్ అని ఒక మంచి వెసులుబాటు ఇచ్చింది. తన రంగంలో కనీసం 15 ఏళ్లు పనిచేసిన నిపుణుల్ని యూనివర్సిటీలో ప్రొఫెసర్‌గా తీసుకోవచ్చు, మంజూరైన పోస్టుల్లో 10 శాతం దాకా. పనిలో దిట్ట అయితే డిగ్రీలు తప్పనిసరి కాదు, పరిశోధన పత్రాలూ అక్కర్లేదు. నాకు వెంటనే ఆ ఫ్లెక్స్ కొట్టే ఆయనే తట్టాడు. వెళ్లి విషయం చెప్పాను.

"నేనా అన్నా? పదో తరగతి గూడ అయిపోలే నాది," అన్నాడు మెషీన్ ఆపకుండానే.

అదేం అడ్డం కాదని, దేశంలో చదువులు ఎటు పోతున్నాయో ఆయనకంటే ముందు తెలిసినవాళ్లు లేరని, పిల్లల భవిష్యత్తు కోసం ఒప్పుకోవాలని బతిమాలాను. కాసేపు ఆలోచించాడు. జీతం ఎవరిస్తరని అడిగాడు. కాలేజీ వాళ్లేనన్నాను.

"అయితే వద్దన్నా," అన్నాడు. "పోయినేడు డేటా సైన్స్ బోర్డులు కొట్టిన పైసలే ఇంక ఇయ్యలే వాళ్లు. పోయి అడిగితే రీయింబర్స్‌మెంట్ రాలే అంటున్నరు."